కోచ్ సార్ ప్రశ్నలు

"కోచింగేనా?" అని శివకుమార్ మళ్లీ అడిగాడు.

"అవ్, కోచింగే. జల్దీ కొట్టు," అన్నాడు పగిడయ్య, ఎవరైనా చూస్తున్నారేమోనని వీధివైపు తల తిప్పి.

మణుగూరు బస్టాండు పక్కన శివకుమార్ నడిపే నెట్ సెంటర్ అది. కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటోంది. తెరమీద తాగుడు మాన్పించే వెబ్‌సైటు, నాలుగు పేజీల ఇంగ్లీషు ఫారం. చదివే తీరిక లేక శివకుమార్ ఉన్న రెండు గడుల్లో 'కోచ్' అన్న మాట కనబడిన దానిలో టిక్కు పెట్టి పంపించేశాడు. వారం తిరక్కుండానే జవాబొచ్చింది. హాతీరాం అనే తెలుగు తెలిసినాయనతో జత కలిపారట. ఆదివారం ఆదివారం నాలుగింటికి చాటింగ్.

పగిడయ్య బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. డ్యూటీలో ఎంత బుద్ధిమంతుడో, డ్యూటీ దిగాక అంత తాగుబోతు. భార్య ముత్తక్క పద్దెనిమిదేళ్లు ఓర్చుకుని, ఆ మధ్య చర్ల దగ్గరి పుట్టింటికి వెళ్లిపోయింది. పోతూ పోతూ ఒకటే మాట అంది.

"నీ ఒట్లు నాకొద్దు. నువ్వు మానినవని తెలిసినోళ్లు ఇంకొకరు చెప్పాలె. అప్పుడొస్త."

కూతురు నవత ఖమ్మంలో ఎంసెట్ కోచింగ్ హాస్టల్లో ఉంది. ఇద్దరూ లేని కంపెనీ క్వార్టరు బావురుమంటోంది. దవాఖానాకు పోదామంటే బాయి మీద, అంటే గనిలో, అందరికీ తెలిసిపోతుంది. నెట్‌లో ఆ బెంగ లేదు, ముఖం కనబడదు. అంతకన్నా పెద్ద సౌకర్యం ఇంకొకటి ఉందని పగిడయ్యకు లోలోపల తెలుసు. కంప్యూటర్‌కు వాసన తెలియదు. ఏం చెప్పినా చెల్లుతుంది.

మొదటి ఆదివారం, పదో తరగతి దాకా వచ్చిన ఇంగ్లీషు అక్షరాలతో, ఒంటివేలితో తెలుగు కొట్టడానికి కూర్చున్నాడు. నీతులు వినడానికి సిద్ధపడి వచ్చాడు. కానీ కోచ్ సార్ ఒక్క నీతి కూడా చెప్పలేదు. తిరిగి అతన్నే అడిగాడు.

"సాయంత్రం ఐదైతే కాళ్లు దుకాణం దిక్కే గుంజుతయి. ఏం చెయ్యాలె సార్?"

తన కాళ్ల సంగతి ఈయనకెలా తెలిసిందా అని పగిడయ్య నోరు తెరిచాడు. పైగా అంత పెద్దమనిషి తనను సార్ అంటున్నాడు. చదువుకున్నవాళ్ల మర్యాద అలాగే ఉంటుందని మురిసిపోయాడు. కానీ ఆ ప్రశ్న ఏమిటో అర్థం కాక ఆ రాత్రి నవతకు ఫోన్ చేశాడు.

"కోచింగంటే చెప్పుడు కాదు నాన్నా, అడుగుడే. మాకైతే దినాం స్లిప్ టెస్టే," అంది నవత.

అప్పుడు విషయం బోధపడింది. అంటే ఇది పరీక్ష. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు, ఇది మాత్రం తప్పకూడదని పంతం పట్టాడు. ఐదింటికి స్నానం చేసి కడుపునిండా తిని చూశాడు. కాళ్ల గుంజుడు కొంచెం తగ్గింది. పై ఆదివారం అదే జవాబు రాశాడు. "మంచిగ చెప్పిండ్రు సార్" అని వచ్చింది. పాసైనంత సంబరపడ్డాడు.

తరువాత ప్రశ్నలు వరసగా వచ్చాయి. జీతం రోజు దోస్తులు పిలిస్తే ఏమనాలి? చేతులు వణికితే ఏం చెయ్యాలి? తన ఇంట్లోకి తొంగిచూసి అడిగినట్టే ఉండేవి. ఊరికే రాస్తే సార్ కనిపెడతాడని, ప్రతిదీ తనమీద చేసి చూసుకున్నాకే రాసేవాడు. చేతులకు పని పెట్టాలని రాయడం కోసం తన మోపెడ్‌ను నాలుగుసార్లు విప్పి బిగించాడు. నాలుగోసారి రెండు నట్లు మిగిలాయి గానీ, బండి బాగానే నడిచింది.

ఆరో వారం ఒక పెళ్లిలో జారాడు. బాగానే తాగాడు. మర్నాడు అబద్ధం సిద్ధం చేసుకుని నెట్ సెంటర్లో కూర్చున్నాడు. తెరమీద ప్రశ్న వచ్చింది.

"తప్పి తాగితే ఆ సంగతి చెప్పాలెనా, దాచాలెనా సార్?"

పగిడయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కంప్యూటర్లోంచి వాసన ఎలా పోయిందో అర్థం కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఒంటివేలితో ఒక్కో అక్షరమే కొట్టాడు.

"చెప్పాలె. నేను నిన్న తాగిన. దాస్తే మళ్ల తాగుత. మళ్ల ఒకటో రోజు నుంచి లెక్క పెట్టుకుంట."

అవతలి నుంచి "దండం సార్" అని మాత్రం వచ్చింది. ఆ రోజు నుంచి పగిడయ్య చుక్క ముట్టలేదు.

వంద రోజులు నిండాక కోచ్ సార్‌ను భోజనానికి పిలిచాడు. ఆయనుండేది భద్రాచలంలోనేనట. పిలవడమే ఆలస్యం, ఇంటావిడతో సహా వస్తానన్నాడు. పగిడయ్య వెంటనే ముత్తక్కకు కబురు పెట్టాడు. ఆమె వచ్చింది. వచ్చింది గానీ బట్టల సంచి తలుపు పక్కనే పెట్టింది.

"గా సార్ నోటితోని విన్నంకనే సంచి విప్పుత," అంది.

పగిడయ్య పొద్దుటి నుంచీ అద్దం ముందు ఒకటే మాట వల్లె వేస్తున్నాడు. 'మీ వల్లనే తాగుడు మానిన, కోచ్ సార్.'

పన్నెండింటికి ఆటో ఆగింది. అరటిపండ్ల గెల పట్టుకుని హాతీరాం, వెనకాలే ఆయన భార్య దిగారు. పగిడయ్య చేతులు జోడించి ఎదురెళ్లాడు. వల్లె వేసిన మాట నోటిదాకా వచ్చింది. అది బయటికి వచ్చేలోపే హాతీరాం గెల కింద పెట్టి, వంగి అతని కాళ్లు పట్టుకుని, నీళ్లు నిండిన కళ్లతో తలెత్తాడు.

"మీ వల్లనే తాగుడు మానిన, కోచ్ సార్."