పడవలో మూడో మనిషి

కత్తిరింపుల బల్ల దగ్గరికి అక్క మూడో కుర్చీ లాగింది.

తమ్ముడికి ఒళ్లు మండింది.

ఆ బల్ల మీద బట్ట కత్తిరించేది తను, కుట్టేది అక్క. ఆదివారం మధ్యాహ్నాలు అదే బల్ల మీద పడవ ఆట ఆడేదీ వాళ్లిద్దరే. చిన్నప్పట్నుంచీ అంతే. పేకాటలా ఒకరినొకరు ఓడించుకునే ఆట కాదది. ఇద్దరూ ఒకే పడవలో ఉంటారు. వరద కార్డులు వచ్చి పడుతుంటే చేతిలోవి కలిపి వేసి ఒడ్డుకు చేరాలి. మునిగితే ఇద్దరూ మునగాల్సిందే.

ఇప్పుడు పక్క వీధిలో కళ్లజోళ్లు అమ్మే కళ్లజోళ్లాయన దాపురించాడు.

మొదటిసారి ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చాడు. ఆ తర్వాత వారానికో ప్యాంటు తెచ్చాడు. ఇంకోసారి కత్తిరిస్తే అవన్నీ నిక్కర్లే అవుతాయని తమ్ముడు పళ్లు నూరుకున్నాడు. వచ్చే నెల వేరే ఊళ్లో కొట్టు పెడతాడట. అక్కని పెళ్లి చేసుకుంటానన్నాడట.

"మీ ఆటకి కొత్త పెట్టె వచ్చిందండీ. దీంతో ముగ్గురం ఆడొచ్చు," అంటూ విప్పాడు కళ్లజోళ్లాయన.

"ఇద్దరికి ఏం తక్కువైంది?" అన్నాడు తమ్ముడు.

"ఒరేయ్, ఆడి చూద్దాం, కూర్చో," అంది అక్క.

అందులోని మూడు కార్డులు ఆటని తలకిందులు చేశాయి. తలా ఒకటి తీసుకోవాలి, ఎవరికీ చూపించకూడదు. ఒకరు మామూలు ప్రయాణికుడు. ఒకరు తన ఎడమ పక్క మనిషిని గుట్టుగా కాపాడే కాపరి. ఒకరు పడవకి చిల్లు పెట్టే ద్రోహి. ద్రోహిని పసిగడితే పేరు చెప్పొచ్చు, తప్పు చెబితే ఆట పోయినట్టే.

తమ్ముడు మామూలు ప్రయాణికుడు.

కాసేపటికే పడవలోకి నీళ్లొచ్చాయి. ఒక్క మనిషిని మునగకుండా కాపాడే తాడు కార్డు కళ్లజోళ్లాయన తీసుకోవడం తమ్ముడు చూశాడు. తీసుకున్నాడే గానీ వెయ్యడం లేదు.

"తాడు వెయ్యరేం?"

"ఇప్పుడే వద్దులెండి. ముందు ముందు అవసరం పడుతుంది."

"ఎవరికి?"

కళ్లజోళ్లాయన నవ్వాడు. అది చూసి అక్క కూడా నవ్వింది. తన మాటకి అక్క ఏనాడూ అలా నవ్వలేదు. తమ్ముడు చేతిలోని కార్డులు బల్ల మీద పడేశాడు.

"ద్రోహి ఈయనే," అన్నాడు. "ఆటలోనే కాదు, మా పడవ ముంచడానికే మధ్యలో దూరాడు. ఈ పెళ్లి నాకిష్టం లేదు."

అక్క ముఖం పాలిపోయింది.

"మనసులో ఉన్నది చెప్పారు, అదే మంచిది," కళ్లజోళ్లాయన కార్డు బోర్లా పెట్టి లేచాడు. కుర్చీ తీసుకెళ్లి గోడకి ఆనించాడు. వెళ్తానన్నాడు, వెళ్లొస్తానని మాత్రం అనలేదు.

తమ్ముడు గెలిచినవాడిలా ఆ కార్డు తిప్పాడు.

కాపరి.

ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నది తనే. తాడు దాచింది తన కోసమే.

"మరి ద్రోహి ఎవరు?"

అక్క తన కార్డు తిప్పింది.

"అమ్మ దొంగా, నువ్వా?" తమ్ముడు నవ్వబోయాడు. "పోనీలే అక్కా, ఆటేగా. నోరు జారాను. వచ్చే వారం రమ్మను, నేనే సర్దిచెబుతాను."

"రారురా. నువ్వు కాదంటే ఇక అడగనని ముందే చెప్పారు."

"చేసుకునేది నిన్నయితే మధ్యలో నా ఇష్టం దేనికి?"

అక్క కార్డులు పోగు చేస్తోంది. తల ఎత్తలేదు.

"అక్కడ కొట్టు వెనక నీకూ ఒక గది చూశారు. నిన్ను ఇక్కడే వదిలేసి వచ్చేస్తానన్నది నేను, 'మీ తమ్ముడు కూడా వస్తేనే పెళ్లి' అన్నది ఆయన."