జానెడు పెరిగే రాక్షసి

"రాక్షసి అంటే ఎవరు మాస్టారూ?"

మళ్లీ అదే ప్రశ్న. అడిగేది పాంగ్. ఈ గదికి పెద్ద ఆయనే. గొంతు పెంచడు. ముందున్న బార్లీ టీ చల్లారిపోతున్నా ముట్టడు. ఈయన ఒక్కసారి అరిస్తే బాగుండు అనిపిస్తుంది.

ఓక్ చిహూన్ కిటికీ వైపు చూశాడు. దానికి నల్ల కాగితం అంటించి ఉంది. అయినా చూశాడు, అలవాటు కొద్దీ. ఫోను గేటు దగ్గరే తీసేసుకున్నారు. ఇక్కడున్నట్టు ఎవరికీ చెప్పనని రాయించుకున్నారు. వంటింటి చెత్తను కూడా కాపలావాళ్లు కెలికి చూశాకే బయటికి పంపుతారు. మొన్న బంతి ఒకటి గోడ దాటితే, దాన్ని కోసి లోపల ఏముందో చూశారట.

విదేశాల్లో సదస్సు అని భార్యకు చెప్పి వచ్చాడు. "సరిగ్గా కిమ్చీ పెట్టే రోజుల్లోనే మీకు సదస్సులు పుట్టుకొస్తాయేం?" అందావిడ. ఈపాటికి ఏడాది పచ్చడికి సరిపడా క్యాబేజీలు ఒక్కతే ఉప్పులో ఊరేస్తూ ఉంటుంది. ఇక్కడినుంచి బయటపడ్డా, అసలు విచారణ ఇంట్లో ఉంది.

"రాక్షసి అంటే ఆనాటి సైనిక ప్రభుత్వమే కదా? ఒప్పుకోండి," అన్నాడు పాంగ్.

"కాదు."

బల్ల మీద ఒక పాత సినిమా స్క్రిప్టు పరిచి ఉంది. ఒలింపిక్స్ కోసం సోల్‌లో పేదల పేటలు పడగొట్టిన నాటి కథ. మురుగుకాలవలోంచి ఒక రాక్షసి వస్తుంది. రోజుకో గుడిసె మింగుతుంది. విదేశీయుల కంట పడకుండా రోడ్డు పొడవునా పూలబొమ్మల కంచె కడతారు. కంచె అవతల బస్సులు పోతుంటాయి. ఆ సినిమాను అప్పట్లో విడుదల కానివ్వలేదు.

పాంగ్ పక్కన కూర్చునే యోమ్ మిరాన్ ఒక వాక్యం మీద వేలు పెట్టింది. ఆవిడ కళ్లద్దాల నుంచి ఏదీ తప్పించుకోదు.

"పళ్లు బుల్డోజర్ పళ్లలా ఉన్నాయని ఉంది. అరుపు మైకులో సర్కారు ప్రకటనలా ఉందని ఉంది. ఇంకేం కావాలి మీకు? దాని మెడలో బోర్డు కట్టాలా?"

"ఆ కిందిది కూడా చదవండమ్మా. బస్సు వెళ్లినప్పుడల్లా రాక్షసి జానెడు పెరుగుతుంది. నమిలే చప్పుడు బస్సులోవాళ్లకు వినిపిస్తుంది. వాళ్లు రేడియో సౌండు పెంచుకుంటారు. రాక్షసి ఆ బస్సులోవాళ్లే."

"అంటే మీరూ నేనూ," అన్నాడు పాంగ్.

"అవును."

"బాగుంది. ఈ ముక్క పైకి పంపితే పైవాళ్లు చప్పట్లు కొడతారు."

"పోనీ, రెండూ నిజమే అని రాసుకోండి."

"రెండు జవాబులు కుదరవు మాస్టారూ. రేపు ఎవడో ఒకడు కోర్టుకెక్కితే అందరి ఉద్యోగాలూ ఊడతాయి."

చిహూన్ ఇన్నేళ్లూ దాచుకున్న మాట ఇక లోపల ఆగలేదు.

"అది రాసింది నేనే. దాని మీదున్నది నా కలం పేరు. కూల్చేసిన ఇంటి ముందు మా అమ్మ గిన్నెలు ఏరుకుంటుంటే పక్కనే బస్సు ఆగింది. కిటికీలో ఒకావిడ మమ్మల్ని చూసి కర్టెన్ లాగేసుకుంది. ఆ కర్టెన్ గురించి రాశాను నేను. ప్రభుత్వం గురించి కాదు."

యోమ్ కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుంది. పాంగ్ లేచి తలుపు వేసి ఉందో లేదో చూసి వచ్చాడు.

"ఈ మాట ఈ గోడలు దాటిందా, మీతోపాటు మేమూ మునుగుతాం. అయినా, రాసినవాడు ఏమనుకుని రాశాడన్నది ఇక్కడ అనవసరం."

"నేను రాసిన దానికి అర్థం నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"మాకు," అన్నాడు పాంగ్, ఏమాత్రం వెటకారం లేకుండా. "టైం లేదు. సాయంత్రానికి ఇది పైకి వెళ్లాలి. మీరు ఊ అంటే అందరం ఇంత అన్నం తింటాం. లేదంటే మళ్లీ మొదటినుంచి."

పెన్ను బల్ల మీద జారుతూ వచ్చి చిహూన్ చేతి దగ్గర ఆగింది.

అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గిన్నెలు ఏరుకునే అమ్మ కనిపించింది. చన్నీళ్లలో క్యాబేజీలు కడుగుతున్న భార్య కనిపించింది. సంతకం పెట్టేశాడు. రాక్షసి అంటే ప్రభుత్వం. అదొక్కటే.

"ఇక వదులుతారా?"

"గురువారం సాయంత్రం. మీకు తెలియనిదేముంది," అంటూ పాంగ్ చల్లారిన టీ తీసుకుని గటగటా తాగేశాడు.

కిటికీ మీద నల్ల కాగితం ఒక మూల ఊడి, సన్నగా వెలుతురు పడుతోంది. ఎవరూ చెప్పకుండానే చిహూన్ లేచి వెళ్లి దాన్ని అంటించాడు.

పిల్లలకు చప్పుడు అడ్డం రాకూడదని విమానాలను సైతం ఆపి దేశమంతా ఊపిరి బిగబట్టిన ఆ గురువారం, కాలేజీ ప్రవేశ పరీక్షలో 'రాక్షసి అంటే బస్సులోవాళ్లే' అన్న జవాబుకు గుర్తు పెట్టిన పిల్లలందరికీ, పరీక్ష ముగిసేదాకా బయటికి వదలని ప్రశ్నపత్రం కమిటీలో సభ్యుడు ఓక్ చిహూన్ మాస్టారు సంతకం పెట్టి ఖాయం చేసిన ఆ ప్రశ్నలో సున్నా వచ్చింది.