కెప్టెన్‌ని ఇవ్వం

"మా కెప్టెన్‌ని మాత్రం అడగొద్దు సార్," అన్నాడు ఫుట్‌బాల్ క్లబ్ ప్రెసిడెంట్, విదేశీ క్లబ్ ప్రతినిధిని మైదానం చుట్టూ తిప్పుతూ. "పైగా మేమే మీ దేశం నుంచి ఇద్దరు ఆటగాళ్లని తెచ్చుకుంటున్నాం. అందుకోసం అనవసరపు ఉద్యోగాలు పొద్దున్నే తీసేశాం కూడా."

ప్రతినిధి వంగి గడ్డిని నిమిరాడు. "మీ మ్యాచ్‌లు టీవీలో మావాళ్లంతా చూస్తారు."

ప్రెసిడెంట్ కోటు సర్దుకున్నాడు.

"మొన్నటి మ్యాచ్‌లో అంత వానలోనూ ఈ గడ్డి చెక్కుచెదరలేదు," అన్నాడు ప్రతినిధి. "పెంచిందెవరు?"

"మా మాలి. అదిగో, పైపు చుడుతున్నాడు."

"నేను వచ్చింది ఆయన కోసమే. కాంట్రాక్టు ఎప్పటిదాకా?"

"మావాడు సార్, ఎక్కడికీ పోడు," అన్నాడు ప్రెసిడెంట్ కంగారుగా. "ఏం పెద్దాయనా?"

మాలి తడి చెయ్యి చొక్కాకి తుడుచుకుని జేబులోంచి ఉత్తరం తీశాడు.

"పొద్దున మీరు సంతకం పెట్టిన దాంట్లో ఈ సాయంత్రం దాకానే అని ఉందండీ."