పూచీ లేదు

“పాపది పాస్‌పోర్టు భద్రంగా పెట్టినావా?” అన్నాడు లాయరు అశ్వత్థప్ప, గొంతు తగ్గించి.

“బ్యాంకు లాకర్లో పడేశాను సార్. నా భార్య తలకిందులుగా తపస్సు చేసినా దొరకదు,” అన్నాడు మల్లికార్జున్.

బెంగళూరు కె.ఆర్.పురం రైల్వే స్టేషన్ ఎదురు మేడమీద ఉన్న ఆ ఆఫీసులో ఫ్యాను తిరుగుతున్నంతసేపూ అశ్వత్థప్పే మాట్లాడతాడు. క్లయింట్లు చెప్పేది వినే అలవాటు ఆయనకు లేదు. వింటే కేసు చెడుతుందని ఆయన గట్టి నమ్మకం.

మల్లికార్జున్ కంపెనీ పని మీద పోలండ్ వెళ్ళి, అక్కడ మార్తను ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. పాప లీల అక్కడే పుట్టింది. ముగ్గురూ బెంగళూరు వచ్చాక ఏసీ ఎంతలో పెట్టాలన్న దగ్గర మొదలైన తగువు విడాకుల దాకా వచ్చింది. విడాకులకు అతనికి దిగుల్లేదు. దిగులంతా లీల గురించే. ఆరేళ్ళ ఆ పిల్ల తన చెయ్యి పట్టుకుని పడుకోకపోతే అతనికి కన్ను మూతపడదు. మిగతా విషయాల్లో ఎన్ని కోతలు కోసినా, ఇది మాత్రం నిజం.

“మార్త తీయగా మాట్లాడుతుంది సార్. ‘నేనూ ఈ ఊళ్ళోనే ఉంటా, పాపను ఇద్దరం చూసుకుందాం’ అంటుంది. ఇంకోపక్క రెండు నెలలుగా ఒకటే పోరు, లీల పాస్‌పోర్టు ఇయ్యి, ఏదో గవర్నమెంటు ఆఫీసులో పని ఉంది అని. పాపను ఎత్తుకుపోవడానికి కాకపోతే ఇంకెందుకు?”

“పరాయి దేశపామె. ఎప్పుడైనా ఎగిరిపోయేదే. మనమే ఎగరేస్తే పోలా?”

“అంటే?”

“ఆయమ్మ వీసా ఎవురి పూచీ మీద ఉండాది?”

“నా పూచీ మీదే.”

“అదీ! విదేశీయుల ఆఫీసుకు ఒక్క లెటరు రాసి పారేయ్. ‘నా ఇంట్లో ఉండే విదేశీయులకు ఇంక నా పూచీ లేదు’ అని. ఆయమ్మ తట్టాబుట్టా సర్దుకుంటాది. బిడ్డ నీ కాడే ఉంటాది. కోర్టులో కొట్లాడే పనే లేదు.”

మల్లికార్జున్‌కు లేచి ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది. “పేరు రాయాలా సార్?”

“అడ్రసు చాలప్పా. ఆ ఇంట్లో ఎవురుండారో వాళ్ళకు తెల్దా?”

“ఇంకోమాట సార్. పాప పుట్టింది అక్కడ కదా, మరి...”

“ఏడ పుడితే ఏమప్పా? తండ్రిది హిందూపురం, బిడ్డదీ హిందూపురమే. బిడ్డ సంగతి నాకొదిలెయ్.”

ఆ మాట మల్లికార్జున్‌కు ఎంతో బాగుంది. ఇంటికి పోతూ టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూడా దాన్నే తలుచుకుని నవ్వుకున్నాడు. మొదటిసారి లీలను చంకనేసుకుని ఊళ్ళో దిగినప్పుడు, తల్లి దేశం వాళ్ళిచ్చిన ఎర్ర పాస్‌పోర్టును మేనత్తలందరికీ తిప్పి తిప్పి చూపించాడు. “దీంతో ఏ దేశమైనా గేట్లు తీస్తుంది,” అన్నాడు. మనూరి కాగితాలేవో తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. ఎన్ని గేట్లు తెరిచినా పిల్ల హిందూపురం పిల్లే అని లాయరే చెప్పాడిప్పుడు.

ఇంట్లో మార్త చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆమెకు తెలుగు నేర్పింది పనిమనిషి ఈరమ్మ.

“మల్లీ, లీల పాస్‌పోర్టు ఇస్తావా లేదా? డేటు అయిపోతాది.”

“ఏం డేటు? ఫ్లైటు డేటా?”

“నీకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుడతాండాది.” ఆమె చేట పక్కకు పెట్టింది. “నేను యాడికీ పోను. ఒక వారం నీ కాడ, ఒక వారం నా కాడ. బిడ్డకు ఇద్దరమూ కావల్ల.”

ఒక్క క్షణం అతని మనసు మెత్తబడింది. అంతలో లీల వచ్చి ఒళ్ళో ఎక్కి, మెడ చుట్టూ చేతులు వేసింది. ఈ చేతులు వారం విడిచి వారం ఉండవంటే ఎలా తట్టుకోవడం? మెత్తబడిన మనసు మళ్ళీ బిగుసుకుంది. మర్నాడే లెటరు ఇచ్చి వచ్చాడు. ప్రభుత్వం అంటే పనిచేయదని రోజూ తిట్టే మనిషి, ఈసారి అది త్వరగా పనిచేయాలని మొక్కుకున్నాడు కూడా.

పనిచేసింది. నెల తిరక్కముందే కానిస్టేబుల్ మహబూబ్ బాషా పొద్దున్నే బెల్లు కొట్టాడు.

“సార్, ఈ ఇంట్లో ఉండే విదేశీయులు దేశం విడిచి పోవాలని నోటీసు వచ్చిండాది. మీరు పూచీ తీసేసినారంట గదా.”

“అవునవును, రండి, కాఫీ తాగండి. మార్తా, నీ కోసమే వచ్చారు!”

మార్త నోటీసు చదివింది. మళ్ళీ మొదటినుంచీ చదివింది. “ఏం పని చేసినావు మల్లీ?” అంది.

“తండ్రి చేయాల్సిన పని,” అన్నాడు మల్లికార్జున్. స్కూలు బ్యాగుతో బయటికొచ్చిన లీలను దగ్గరికి తీసుకున్నాడు. “అమ్మ వాళ్ళ ఊరికి పోతోందిరా. మనిద్దరం ఇక్కడే.”

మార్త సంతకం పెట్టింది. బాషా కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు కానీ, కదల్లేదు.

“అయిపోయింది కదా?” అన్నాడు మల్లికార్జున్.

“ఇంకొకరుండారు సార్.”

“ఇంకెవరున్నారు? మా ఇంట్లో విదేశీ మనిషి ఈవిడ ఒక్కతే.”

బాషా ఇబ్బందిగా టోపీ తీసి, కిందికి వంగాడు.

“లీలంటే నువ్వేనామ్మా?”