టోస్ట్రుడ్ గారి గడ్డిలో కొంగలు

"మళ్లీ వచ్చాయి! నా గడ్డి మీద! మళ్లీ!"

ఆర్విల్ టోస్ట్రుడ్ అరుపుకి బ్రిట్టా ఫోనును చెవికి దూరంగా పెట్టుకుంది. పక్కన కాఫీ తాగుతున్న నాన్నకి కూడా ప్రతి మాటా వినపడింది.

"వచ్చి తీసేస్తాం టోస్ట్రుడ్ గారూ. మీరేం ఇవ్వక్కర్లేదు."

"ఇస్తానని ఎవరన్నారు? సోమవారం టౌన్ కౌన్సిల్ మీటింగుంది. మీ కొంగల పర్మిషన్ పీకించకపోతే నా పేరు ఆర్విల్ కాదు!"

ఊరి యూత్ క్లబ్బుకి ఈ ఏడు బ్రిట్టాయే ప్రెసిడెంటు. ఆగస్టులో సరస్సు దగ్గర క్యాంపు. డబ్బుల్లేక ఏ ఒక్కరూ ఇంట్లో ఉండిపోరని అందరి ముందూ గొప్పగా మాటిచ్చేసింది. ఆ డబ్బంతా ఈ ప్లాస్టిక్ కొంగల మీదే రావాలి.

పద్ధతి తేలికే. ఎవరైనా ఇరవై డాలర్లిచ్చి ఫలానా వాళ్లింటికి అని చెబితే చాలు. సందెవేళ పిల్లలు వెళ్లి ఆ ఇంటి ముందు గడ్డిలో గులాబీ రంగు ఫ్లెమింగో కొంగల మందని పాతేసి, ఓ కార్డు పెట్టి వస్తారు. పొద్దున్న ఇంటివాళ్లు చూసి నవ్వుకోవాలి. నవ్వు రాకపోతే కార్డు మీదున్న నంబరుకి ఫోన్ చెయ్యాలి. పిల్లలొచ్చి ఊరికే పీక్కుపోతారు. పీకినందుకు ఇంటివాళ్లని పైసా అడక్కూడదు. పంపించిందెవరో పిల్లలు అడక్కూడదు, తెలిసినా చెప్పకూడదు. ఆర్డర్లేమో క్లబ్బు నడిపే డాగ్నీ ఆంటీ ఇంటి ఫోనుకి వస్తాయి. కార్డు మీదున్నది బ్రిట్టా నంబరు. అంటే డబ్బులు ఆవిడకి, తిట్లు ఈ పిల్లకి.

పిల్లలు వెళ్లేసరికి టోస్ట్రుడ్ వరండాలో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. డాగ్నీ ఆంటీ రోడ్డు పక్కన వ్యాను ఆపి అందులోనే కూర్చుంది. పెద్దవాళ్ల తోడు లేకుండా పిల్లలు ఏ గుమ్మానికీ వెళ్లకూడదన్నది ఇంకో రూలు.

"నెమ్మదిగా! పీకడం కూడా చేతకాదా? ఆ గుంత ఎవరు పూడుస్తారు, మీ తాతా?"

గుంతలన్నీ పూడ్చేదాకా వదల్లేదు. పూడ్చాక అందర్నీ కూర్చోబెట్టి పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు పెట్టాడు.

"నిన్న మిగిలిపోయింది. పారెయ్యడం దేనికని," అని సణిగాడు. కేకు ఇంకా వేడిగానే ఉంది.

"ఎవరు పంపిస్తున్నారే? ఎదురింటి వెర్నాయేనా? చెప్పు!"

"రూలు ఒప్పుకోదండీ."

"రూలట రూలు!" అంటూ బ్రిట్టా ప్లేటులో ఇంకో ముక్క పడేశాడు.

బ్రిట్టా ధైర్యం చేసింది. "పోనీ కొంగల ఇన్సూరెన్స్ తీసుకోండి. ఐదే డాలర్లు. ఈ వేసవంతా మీ ఇంటికి ఒక్క కొంగ కూడా రాదు."

"బెదిరించి డబ్బు గుంజుతారా? చచ్చినా ఇవ్వను!"

"అయితే ఉచితంగా ఇచ్చేస్తాం."

"నాకు ధర్మం చేస్తావా నువ్వు?"

ఈ మనిషితో ఎలా వేగడం? ఎదురింటి కిటికీలో కర్టెన్ కదిలింది. బ్రిట్టా తిన్నగా రోడ్డు దాటి అక్కడికే వెళ్లింది.

"వెర్నా మామ్మా, ఇక పంపించకండి. మా క్యాంపు పోయేలా ఉంది."

వెర్నా పడీ పడీ నవ్వింది. "నేనా? ఆ పిసినారి కోసం నా డబ్బు తగలేస్తానా? భార్య పోయినప్పట్నుంచీ ఆ గడప తొక్కిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు మీ కొంగల పుణ్యమా అని నాకు వారం వారం వినోదం. ఎవరు పంపిస్తున్నారోగానీ, దొరికితే చెప్పు, కేకు చేసి పెడతా."

బ్రిట్టా నమ్మలేదు. నమ్మకపోయినా చేసేదేముంది? శనివారం ఒంటిమీద ఇస్త్రీ బట్టలతో టోస్ట్రుడ్ ఇంటికి క్షమాపణ చెప్పడానికి వెళ్లింది. వ్యానులో డాగ్నీ ఆంటీ మామూలే.

"తప్పయిపోయిందండీ. ఇక ఎవరు పంపించినా మీ ఇంటికి కొంగల్ని తీసుకురాం. మాటిస్తున్నాను."

టోస్ట్రుడ్ ఆ పిల్లని ఎగాదిగా చూశాడు.

"మాటిమ్మని నిన్నెవరడిగారు?"

తలుపు ధడాల్న మూసుకుంది. కోపం ఇంకా చల్లారలేదన్నమాట, అనుకుంది బ్రిట్టా. ఏడుపొక్కటే తక్కువ.

ఆదివారం మధ్యాహ్నం డాగ్నీ ఆంటీ వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతోంది. బ్రిట్టా ఆవిడ చుట్టూ తిరుగుతోంది.

"ఆ పంపించేదెవరో చెప్పండి ఆంటీ. కాళ్లు పట్టుకునైనా మానిపిస్తాను."

"రూలు రూలే అమ్మాయ్."

"రేపు కౌన్సిల్లో ఆ ముసలాయన మన కొంప ముంచేస్తాడు!"

"ముంచడులే."

"మీకెలా తెలుసు?"

ఆవిడ జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. "నా చేతులనిండా పిండి. నువ్వే తియ్యి," అంది.

"హలో, యూత్ క్లబ్."

అవతల నుంచి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు ఓ గొంతు వినపడింది.

"గురువారం. లిండెన్ వీధి. టోస్ట్రుడ్ ఇల్లు. మీ దగ్గరున్న కొంగలన్నీ."

బ్రిట్టాకి ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లకి దొరికారు!

"ఆ ఇంటికి ఇక తీసుకోం! పాపం, పెద్దాయన ఎంత గింజుకుంటున్నాడో తెలుసా మీకు? మీ వేళాకోళానికి మా క్యాంపు కాస్తా పోతుంది. అసలెవరండీ మీరు? పేరు చెప్పండి ముందు!"

డాగ్నీ ఆంటీ పిండి చేతులతోనే నోరు మూసుకుంది.

"పంపించేవాళ్ల పేరు అడక్కూడదని రూలు పెట్టుకుంది మీరు కాదుటే?" అని, నోటికున్న గుడ్డ సంగతి మర్చిపోయి, కసిరాడు ఆర్విల్ టోస్ట్రుడ్.