పాత డ్రైవ్‌లో నలభై సాయంత్రాలు

“ఆ బటన్ నొక్కకమ్మా, నీకు పుణ్యముంటుంది!”

కంప్యూటర్ సర్వర్ చూసుకునే అమ్మాయి చెయ్యి మౌస్ మీదే ఆగింది. గుమ్మంలో, అందరూ అక్క అని పిలిచే ఆవిడ నిలబడి ఉంది. రంగుల ఫ్యాక్టరీలో రికార్డులన్నీ ఆమె చూస్తుంది. సగం తిన్న అన్నం డబ్బా చేతిలోనే ఉంది.

“డ్రైవ్ నిండిపోయిందక్కా. స్నాప్‌షాట్లని రెండో డ్రైవ్‌లో పెట్టమన్నారు ఓనరుగారు.”

“పెట్టు, ఎవరొద్దన్నారు? పాతవి పోతాయటగా?”

“పోతాయి. ఇల్లు మారితే సామాను మోసుకెళ్తాం. వీటికి ఆ భాగ్యం లేదు. పాతవి చెరిపితేగానీ కొత్త చోటు ఇవ్వదు.”

రోజూ సాయంత్రం అయిదింటికి ఫైళ్లు ఎలా ఉంటే అలా, ఫొటో తీసినట్టు దాచే ఏర్పాటు అది.

అక్క గొంతు తగ్గించింది. “మా ఆయన సంగతి నీకు చెప్పలేదు. ముప్ఫయ్యేళ్లుగా ఏ రంగులో ఏది ఎంత కలపాలో కళ్లు మూసుకుని చెప్పే మనిషి. రెండు నెలలుగా మతిమరుపు. లేత ఆకుపచ్చలో నలుపు మూడు పాళ్లయితే ముప్ఫై అని కొట్టేస్తున్నారు. నేను పొద్దున్నే పాత కాపీ తీసి సరిచేస్తున్నా. నా కంటపడనివి ఇంకా ఎన్నున్నాయో!”

“పాళ్ల లెక్కలు మీరిద్దరూ ఎక్కిస్తారుగా, తప్పులు ఆయనవేనని ఎలా తెలుసు?”

“అడిగితే నావేనంటారు. పైగా నవ్వొకటి!”

కళ్లు తుడుచుకుని అక్క వెళ్లిపోయింది. కాసేపటికి ఆమె భర్త, రంగులు కలిపే మాస్టారు వచ్చాడు. గోళ్ల సందుల్లో నీలం రంగు.

“అయిందా అమ్మాయ్?”

“అక్క ఆపమన్నారు మాస్టారూ. మీ తప్పులు దిద్దడానికి కావాలట.”

“మిగిలినవన్నీ నిన్న కూర్చుని నేనే దిద్దేశా. చెరిపెయ్.”

“తొందరేముంది?”

“ఎల్లుండి ఓనరు పాతవన్నీ తెరిపిస్తాడట, డ్రైవ్ మారితే అవి పోతాయని ఆయనకి తెలీదు. తప్పు ఎవరిదో తేలితే ఇంటికి పంపుతానని ఊగిపోతున్నాడు. నాదేనని పొద్దున చెప్పేశా. శనివారం నుంచి ఇంటిపట్టునే.”

“అక్కకి తెలుసా?”

“సాయంత్రం చెప్తా. తనూ మానేస్తుందిలే. మతిమరుపు మొగుణ్ని ఒంటరిగా వదులుతుందా?”

“ఒప్పేసుకున్నాక ఇవి చెరిపితే ఏమొస్తుంది మాస్టారూ?”

“ఒప్పేసుకున్నాక ఇవి వెతికితే ఏమొస్తుంది?”

అని నవ్వాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి తెర వైపు ఓసారి చూశాడు. ఆ చూపు సర్వర్ అమ్మాయి మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఉద్యోగం పోయిన మనిషి ఇంకా దేనికి భయపడుతున్నాడు?

పరాయివాళ్ల ఫైళ్లు తెరవడం ఆమెకి అలవాటు లేదు. తెరిచింది. మొదటి సాయంత్రం: ముప్ఫై పాళ్ల నలుపు, కింద సేవ్ చేసినవాళ్ల పేరు. రెండో సాయంత్రం: పసుపు బదులు తెలుపు, కింద పేరు. పదోది. ఇరవయ్యోది. చివరిదాకా చూసి, కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత బటన్ నొక్కింది.

పది నిమిషాలకి అక్క మళ్లీ తొంగిచూసింది. “ఏం చేశావమ్మా?”

“చెరిపేశానక్కా. మాస్టారు అన్నీ దిద్దేశారట.”

“ఆయన దిద్దడమా! నా ఖర్మ. రేపెవరైనా ఏమన్నా అంటే తట్టుకోలేరు పాపం, పిచ్చి మారాజు!”

సర్వర్ అమ్మాయి తెర ఆర్పేసింది.

నలభై తప్పుల కిందా ఉన్నది అక్క పేరే.