పావుకి ఎన్ని గ్రాములు

తెల్లవారేసరికి మబ్బులు తెక్కలకోట మీదికి దిగి, చినుకు రాల్చకుండా నిలబడిపోయాయి. వసారాలో మారెన్న ఇత్తడి పావు నిండా ధనియాలు పోసి, వేలితో అంచుకు సమం చేసి, కూతురు నేత్రావతి ముందున్న కాటా మీది గిన్నెలో కుమ్మరించాడు.

"ఎంత పాపా?"

"ఎనబై గ్రాములు నాయినా."

"కందిబ్యాళ్లు ఎంతుండె?"

"పావుకు రెండొందల పది."

"చూస్తివా? కొలత ఒగటే, తూకం యాడికో పోతాండాది. అన్నీ రాసుకో."

మారెన్న ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు సాంబారు కాచే మనిషి. పావు, గుప్పెడు, చిటికెడు తప్ప వేరే లెక్క ఎరగడు. ఆషాఢంలో జ్వరపడి లేచాక మొదటి పెళ్లి వంట ఈ ఆదివారం బండ్రిలో, ఐదు వందల మందికి. ఈసారి గరిట కూతురికిస్తానన్నాడు. ఈరోజు ఇంట్లో కాచి చూపించాలి. కుదరకపోతే బండ్రి వాళ్లకు రామని చెప్పేస్తానన్నాడు.

గడపలో కూర్చున్న భార్య హులిగెమ్మ నవ్వింది.

"కాటా తెచ్చినోళ్లను తరిమిన మనిషి, ఇప్పుడు బంగారమంగడి పెట్టినట్ల తూకమేస్తాండాడు."

"నా గుప్పెడూ దాని గుప్పెడూ ఒగటేనా? దాని చెయ్యి చిన్నది. గ్రాములైతే ఎవురేసినా ఒగటే."

"అట్లయితే రుచి చూసేది కూడా కాటానే ఏమి?"

మారెన్న పావును తుడిచి పక్కన పెట్టాడు. ఇంతలో బండ్రి నుంచి ఫోనొస్తే మాట్లాడుతూ వీధిలోకి నడిచాడు.

ఉప్పొక్కటే మిగిలింది. రాళ్లుప్పు జాడీ ఖాళీగా ఉంది.

"ప్యాకెట్ ఉప్పుండాది గదా, దాన్నే కొల్చుపో. ఉప్పు ఉప్పే" అంది హులిగెమ్మ.

నేత్రావతి పావు నిండా పోసి తూచింది. మూడొందల గ్రాములు. రాసుకుంది. వందమందికి ఇన్ని పావులని నాన్న చెప్పిన లెక్కను గ్రాముల్లోకి మార్చి, ఇంటి మందికి కుదించి సాంబారు పొయ్యి మీద పెట్టింది. మారెన్న వచ్చి పొయ్యి పక్కనే పీట వేసుకున్నాడు. పోపు పెట్టి, కరివేపాకు కోసుకురావడానికి ఆమె పెరట్లోకి వెళ్లింది.

హులిగెమ్మ వసారాలోంచి పరుగెత్తుకొచ్చి బాణలి దించింది.

"పోపు బొగ్గయిపాయ! పక్కనే కూకోని ముక్కు యాడ పెట్టినావయ్యా?"

"బండ్రి గురించే ఆలోచిస్తాంటి."

"నీ బండ్రి సాకు గాని, పక్కకు జరుగు."

మళ్లీ పోపు పెట్టారు. మధ్యాహ్నం ముగ్గురూ పళ్లేల ముందు కూర్చున్నారు.

మొదటి ముద్దకే హులిగెమ్మ చెయ్యి ఆగిపోయింది. కూతురి వైపు చూసింది. నేత్రావతి నోట్లో ముద్ద మింగుడు పడలేదు. ఒకటే ఉప్పు. ఎక్కడ తప్పిందో అప్పుడు తట్టింది. రాళ్లుప్పు కొలిస్తే రాయికీ రాయికీ మధ్య సందులుంటాయి. ప్యాకెట్ ఉప్పు సందు లేకుండా నిండుతుంది. పావు అదే, ఉప్పు మాత్రం ఒకటిన్నర రెట్లు.

ఒకసారి సిరుగుప్పలో ఉప్పు కాస్త ఎక్కువైందని అండాకు అండా సాంబారు కాలవలో పోయించిన మనిషి ఆయన. నేత్రావతి పళ్లెంలోకి చూస్తూ తిట్టు కోసం ఎదురుచూసింది.

మారెన్న అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. ఇంకో ముద్ద. పళ్లెం ముందుకు జరిపి రెండోసారి సాంబారు పోయించుకున్నాడు.

నేత్రావతి కళ్లు చెమర్చాయి. తన చేతిలోంచి గరిట పోకూడదనే నాన్న ఆ ఉప్పంతా నోరెత్తకుండా మింగుతున్నాడనుకుంది. హులిగెమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. ముగ్గురూ తిన్నారు. పళ్లేలు ఖాళీ అయ్యాయి.

మారెన్న తలెత్తకుండా, మెల్లగా అడిగాడు.

"ఉప్పు సరిపోయిందా పాపా?"